పదకొండు ప్రశ్నల ఉత్తరం

నా ఉద్యోగ విరమణ సభలో ఒక అధికారి నన్ను పొగుడుతూ చెప్పిన మాటల్లో ఒకటి నిజం కాదు. "తండ్రి లేని ఒక యువకుడు చమురు బావుల వెంట పడి జీవితం పాడుచేసుకోబోతుంటే, ఈయన తండ్రి స్థానంలో నిలబడి ఆపారు" అన్నారాయన. సభలో చప్పట్లు కొట్టారు. నేను లేచి నమస్కరించాను. ఒక మాటకు లేచి నమస్కరించడమంటే దాని కింద సంతకం పెట్టడమే. సర్వీసు మొత్తంలో చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టనివాణ్ణి, ఆ రోజు చదివి, తప్పని తెలిసి కూడా పెట్టాను.

ఆ సంతకం వల్ల నాకొక పేరు వచ్చింది. బెంగాల్లోని మా ఖరగ్‌పూర్ పేటలు మలంచా నుంచీ, తాల్‌బగీచా నుంచీ మన తెలుగువారు పిల్లలను వెంటబెట్టుకొని నా ఇంటికి వస్తున్నారు, ఏ ఉద్యోగంలో చేరాలో ఏది మానుకోవాలో చెప్పమని. ఏడాదిగా నేనెవరికీ ఏమీ చెప్పడం లేదు. టీ ఇచ్చి పంపేస్తున్నాను. ముసలాయనకు గర్వం పెరిగిందని వెనక అనుకుంటున్నారట. అది గర్వం కాదని తెలియాలంటే జరిగింది జరిగినట్లు కాగితం మీద పెట్టాలి. ఇది ముఖ్యంగా ఉద్యోగాల వయసులో ఉన్నవారి కోసం రాస్తున్నాను. వారికి సలహాలు చెప్పే వయసులో ఉన్నవారు చదివినా నాకు అభ్యంతరం లేదు.

నేను ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో డీజిల్ ఇంజన్ల విభాగానికి పర్యవేక్షకుడిగా చేశాను. అరిగిపోయిన ఇంజను లోపలికి వస్తుంది. దాన్ని ముక్క ముక్కగా విప్పుతారు, కొలుస్తారు, చెడినది మార్చి మళ్ళీ బిగిస్తారు. చివరగా ఒక దిమ్మె మీద నిలబెట్టి కొన్ని గంటలు నడిపి చూస్తారు. ఈ పనిలో నా చేతులకు నూనె అంటింది మొదటి పదేళ్ళే. తరువాతంతా నా పని క్రమం. ఏ స్పానర్ ఏ మేకుకు వేలాడాలో గోడమీద దాని ఆకారం రంగుతో గీయించినవాణ్ణి నేనే. మా సార్ ఇంట్లో గరిటెలకు కూడా గోడమీద గీతలుంటాయని కార్మికులు నవ్వుకునేవారు. ఆ నవ్వు నాకు వినబడేది. నాకది పొగడ్తలాగే ఉండేది.

నేను చెప్పబోయే యువకుడి తండ్రి మా విభాగంలోనే ఫిట్టరు. సర్వీసులో ఉండగానే గుండె ఆగి పోయాడు. అలా పోయినవారి కుటుంబంలో ఒకరికి ఉద్యోగం ఇచ్చే నిబంధన ఉంది. ఆ కాగితాల పని నేను భుజాన వేసుకున్నాను. వారసత్వ ధ్రువపత్రంలో తండ్రి పేరు ఒకలా ఉంది, అబ్బాయి స్కూలు సర్టిఫికెట్‌లో మరోలా ఉంది. ఆ ఒక్క తేడాను పట్టుకొని ప్రతి బల్లా ఒక వివరణ కోరింది. ఎనిమిది నెలలు బల్ల నుంచి బల్లకు తిరిగాను. అతడు చేరిన రోజున అతనికంటే నాకే ఎక్కువ సంతోషం కలిగింది. నేను ముగించిన ఫైళ్ళన్నిటిలోకీ అది చక్కని ఫైలు. ఒక మనిషిని ఫైలు అనుకోవడంలోనే తప్పు మొదలైందని ఇప్పుడు తోస్తున్నది.

ఇక్కడ మన కుటుంబాల్లో ఒక అలవాటు ఉంది. అలా వచ్చిన ఉద్యోగాన్ని కొడుకు ఉద్యోగమని ఎవరూ అనరు, "నాన్న ఉజ్జోగంలో ఉన్నాడు" అంటారు. పరీక్ష రాసి సంపాదించుకున్నవాడు కావాలంటే మానుకోవచ్చు. నాన్న ఉద్యోగం మానుకోవడమంటే మాత్రం ఆ పోయిన మనిషిని ఇంకోసారి గడప దాటించినట్లే. ఈ మాట ఎవరూ పైకి అనరు. అందరికీ తెలుసు.

ఆ అబ్బాయికి పని నేర్పినవాడు మా పెద్ద మిస్త్రీ. బెంగాలీ. మేమందరం దాదా అనేవాళ్ళం. ముప్పై ఏళ్ళుగా మనవాళ్ళ మధ్య పనిచేసి శ్రీకాకుళం తెలుగు పట్టేశాడు, అందులో తన బంగ్లా కలిపి మాట్లాడేవాడు. ఒకసారి పరీక్ష దిమ్మె మీద ఒక ఇంజను నడుస్తున్నది. గేజీలన్నీ సరిగా చూపిస్తున్నాయి. సంతకం పెట్టబోతుంటే ఆ అబ్బాయి పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, నాలుగో సిలిండరు కింద ఏదో ఒరుసుకుంటున్నదన్నాడు. గేజీలు సరిగా ఉన్నాయి కదా అన్నాను.

"గేజీకి సెవుల్లేవు సార్, ఈడికి ఉన్నాయి" అన్నాడు దాదా. "ఇప్పనివ్వండి. ఏటీ లేకపోతే రేపు నాకు టీ బంద్."

విప్పితే బేరింగు మీద గోటి గీతంత ఒరుపు కనబడింది. అలాగే పంపి ఉంటే అది దారిలో ఎక్కడో ఆగిపోయి ఉండేది. రిజిస్టరులో నేను "అదనపు తనిఖీ" అని రాశాను. అతని పేరు రాయలేదు. రాసేందుకు అందులో గడి లేదు.

ఆ తరువాత కాలం మారింది. లైన్లన్నిటికీ కరెంటు తీగలు వచ్చాయి. డీజిల్ ఇంజన్లు మా దగ్గరికి రావడం తగ్గిపోయింది. వారానికి రెండు మూడు రోజులు పరీక్ష దిమ్మె ఖాళీగా ఉండేది. కొందరిని బోగీల విభాగానికి మారుస్తూ జాబితా తయారవుతున్నదని వినికిడి.

నా విరమణకు ఇంకా రెండేళ్ళు ఉండగా ఒక మంగళవారం సాయంత్రం ఆ అబ్బాయి మా ఇంటికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"తప్పు సేసినాను సార్."

"ఏం చేశావు?"

"బావ పెళ్ళని సెలవెట్టినాను కదండి. పెళ్ళి కాదండి. కలకత్తాలో ఇంటర్వ్యూకి ఎల్లినాను."

చమురు కోసం భూమిని తవ్వే ఒక ప్రైవేటు కంపెనీ. ఎగువ అస్సాంలో దాని రిగ్గు, అంటే బావి తవ్వే యంత్రం, ఉంది. ఆ రిగ్గు మీద మెకానిక్ ఉద్యోగం. ఎంపికయ్యాడు. పై అధికారి ద్వారా కాకుండా దరఖాస్తు పెట్టినందుకు ముందుగా అతణ్ణి మందలించాను. తల వంచుకొని విన్నాడు. తరువాత ఆ రిగ్గు సంగతి చెప్పడం మొదలుపెట్టాక తల ఎత్తాడు.

"అక్కడ ఇంజన్లు మన జాతియేనండి. నాలుగు వరసగా ఉంతాయి. పగలూ రాత్రీ నడుస్తానే ఉంతాయి. అక్కడ ఇంజను ఆగితే గొట్టం భూమిలోనే ఇరుక్కుపోద్దంటండి. ఇక్కడ ఆగితే ఎవడికీ పట్టదు."

పద్నాలుగు రోజులు రిగ్గు దగ్గరే రేకుల గదిలో ఉండి రోజుకు పన్నెండు గంటలు పనిచేయాలి. తరువాత పద్నాలుగు రోజులు ఇంటికి రావచ్చు. ఈ పద్ధతి నాకు ఏ కోశానా నచ్చలేదు.

"ఆ పద్నాలుగు రోజులూ ఇంట్లో ఏం చేస్తావు?"

"ఇంట్లో ఉంతానండి."

"నెలలో సగం రోజులు ఉద్యోగస్తుడు ఇంట్లో కనబడితే వీధిలో ఏమంటారు?"

వంటింట్లోంచి మా ఆవిడ అందుకుంది. "ఏటంతారు? అమ్మని సూసుకుంతన్నాడు అంతారు. ఇంట్లో కనబడితే కేసు పెట్టేస్తారేటి మొగోళ్ళ మీద?"

అబ్బాయి నవ్వు ఆపుకున్నాడు. నేను ఆపుకోవలసిన అవసరం రాలేదు. శుక్రవారం సాయంత్రం ఐదు గంటల లోపల వస్తాడో రాడో కంపెనీకి ఫోనులో ఒక్క మాట చెప్పాలట. "మీరేటంటే అదేనండి" అన్నాడు. ఆలోచించి చెబుతానన్నాను.

మరునాడు సాయంత్రం గోల్‌బజార్‌లో కూరగాయల వరుస దగ్గర అతని తల్లి కనబడ్డారు. నన్ను చూసి చేతిలోని తోటకూర కట్ట బుట్టలో పడేసి గబగబా వచ్చారు. ఆటోల మోత తప్పించుకోవడానికి ఒక బట్టల కొట్టు మెట్ల పక్కకు జరిగాం.

"అన్నయ్యగారూ, ఆడు మీకాడికొచ్చినాడంట కదా."

"వచ్చాడమ్మా. నేనింకా ఏమీ తేల్చలేదు."

"ఎల్లమని సెప్పండి."

నేను పొరబాటుగా విన్నానేమో అనుకున్నాను. ఆమె ఆగకుండా చెప్పారు.

"నాను సెప్తే వినడండి. అమ్మ పైకి దైర్నం సెప్తంది, లోపల ఏడుస్తంది అనుకుంతాడు. ఏడుస్తాను, అదీ నిజమే. నాలుగు రోజులేడిసి ఊరుకుంతాను, ఏటైపోద్ది? మీ నోటంట వొస్తే నమ్ముతాడు. మీ అమ్మ నాతో సెప్పింది, ఎల్లమంది, బెంగెట్టుకోదు అని సెప్పండి."

"ఇది వాళ్ళ నాన్న ఉద్యోగమమ్మా."

"ఆయనెలిపోనాడు కదండి. ఆయనకేటి తెలుస్తాది, ఇందులో ఉన్నాడో ఇంకోదాంట్లో ఉన్నాడో?" అని ఆమె గొంతు తగ్గించారు. "ఈ నడుమ ఇంటికొచ్చి మిక్సీ ఇప్పీసి కూసుంతన్నాడు. ఫేను ఇప్పీసినాడు. పాడైనవి కావండి, బాగున్నవే. ఇప్పడం, బిగించడం. సేతులూరుకోవు ఆడికి. సూడలేకపోతన్నాను."

"చూద్దాం" అన్నాను. మా కార్యాలయాల్లో ఈ మాటకు అర్థం అవుననీ కాదు, కాదనీ కాదు. ఆమెకు కార్యాలయాల భాష తెలియదు. ఒప్పుకున్నాననుకొని రెండు చేతులూ జోడించి, తోటకూర బేరానికి వెళ్ళిపోయారు.

ఇప్పుడు నేను చేసిన పని రాయాలి.

ఆ పూట ఇంటికి వెళ్ళి కాగితాలు తీసుకుని కూర్చున్నాను. గురువారం ఉదయం ఆ అబ్బాయిని నా గాజు గదికి పిలిచి చిత్తుప్రతి చేతికిచ్చాను. "పై సూచికలో పేర్కొన్న తమ పత్రానికి సంబంధించి ఈ కింది విషయాలపై వివరణ కోరడమైనది" అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యంతో మొదలై అందులో పదకొండు ప్రశ్నలున్నాయి. ఇంటికి వెళ్ళే పద్నాలుగు రోజులనూ సర్వీసుగా లెక్కిస్తారా? ఆదివారపు సెలవు ఏ నిబంధన కింద ఇస్తారు? తల్లికి వైద్యం ఉందా, ఉంటే ఏ ఆసుపత్రిలో? సెలవు మంజూరు చేసే అధికారి హోదా ఏమిటి? కొత్త ఉద్యోగం సరిపడకపోతే పాత ఉద్యోగానికి తిరిగి రాగల హక్కును మేము లీన్ అంటాం. ఆ లీన్ గురించి కంపెనీ విధానం ఏమిటో కూడా అడిగాను. ప్రైవేటు కంపెనీకి అసలు సంబంధం లేని విషయమది. అయినా ఏడవ ప్రశ్నగా పెట్టాను.

"సక్కగా రాసి సంతకం పెట్టాలాండి?" అన్నాడు అబ్బాయి. కాసేపు కాగితాలు తిరగేసి, "ఫోనులో ఒక్క మాట సెప్పమన్నారు కదండి" అన్నాడు.

"నోటిమాటకు ఫైలు ఉండదు. రేపు వాళ్ళు కాదంటే ఎవరిని అడుగుతావు?"

"పోనీ, మెయిల్లో పంపుతానండి. ఇప్పుడే సేరిపోద్ది."

"సంతకం లేనిదానికి విలువ లేదు. రిజిస్టర్డ్ పోస్టులో, రసీదు కార్డు జతచేసి పంపు."

ఏదో కొలత కాగితం కోసం లోపలికి వచ్చిన దాదా నా చిత్తుప్రతి అందుకొని చదివాడు. ఇంగ్లీషు అక్షరాలు వేలితో కూడబలుక్కుని చదివి ఆగాడు.

"ఆరే బాబా! ఇది సదివితే ఆళ్ళు ఏటనుకుంతారు? మిస్త్రీ రావట్లేదు, ఇన్‌స్పెక్షన్ వస్తంది అనుకుంతారు. సార్, ఆదివారం రూల్ అడిగినారు. భూమికి ఆదివారం ఉంతాదా?"

"నీ పని చూసుకో దాదా."

"నా పని అయిపోతంది సార్. ఈడి పని మాటాడుతన్నాను. ఇక్కడ ఇంజను లేకపోతే ఈ లడ్కా ఏటి సేస్తాడు? సీటు గుడ్డ కుడతాడా?"

దాదా వెళ్ళాక అబ్బాయి మెల్లగా అడిగాడు. "నాకు మిగతావేటీ బెంగ లేదండి. అమ్మ మనసులో ఏటుందో తెలవట్లేదు. ఎల్లు అంటంది, మొహం సూస్తే అలా లేదు. మీకేటైనా తెలుసాండి?"

గోల్‌బజార్ మెట్ల దగ్గర విన్న మాట ఒక్కటి చెబితే చాలు. చెప్పమని ఆమె చేతులు జోడించి అడిగిన మాట అది. నేనన్నది ఇది: "తల్లి మనసు వేరే చెప్పాలా?"

ఈ వాక్యంలో అబద్ధమైన పదం ఒక్కటీ లేదు. నేను జీవితంలో ఆడిన అబద్ధాలన్నిటిలోకీ పెద్దది ఇదే.

ఎందుకు ఇలా చేశానో చాలా కాలం నాకు నేను చెప్పుకోలేదు. వెళ్ళవద్దని నేరుగా చెప్పడానికి నాకు ఒకే కారణం ఉండేది, తల్లి ఒంటరిదవుతుందని. ఆ కారణాన్ని ఆమే తీసేశారు. వెళ్ళమంటే నేను ఎనిమిది నెలలు తిరిగి ముగించిన ఫైలు మళ్ళీ తెరుచుకుంటుంది. వద్దనడానికి నోరు లేక, వెళ్ళమనడానికి మనసు రాక మూడో దారి పట్టాను. ఆఫీసుల్లో ఒకదాన్ని నేరుగా కాదనడం ఇష్టం లేనప్పుడు వివరణ కోరుతారు. అతని ఉద్యోగం కోసం తిరిగినప్పుడు ప్రతి బల్లా నామీద ప్రయోగించిన విద్య అదే. ఆ ఎనిమిది నెలలూ ఆ బల్లలను తిట్టుకున్నాను. చివరికి అదే విద్యను అతని మీద ప్రయోగించాను. గురువారం మధ్యాహ్నం ఖరగ్‌పూర్‌లో పడిన రిజిస్టర్డ్ ఉత్తరం శుక్రవారం సాయంత్రానికి ఎగువ అస్సాం చేరదు. ఈ లెక్క తెలియనంత అమాయకుణ్ణి కాను.

శుక్రవారం పరీక్ష దిమ్మె మీద చాలా రోజుల తరువాత ఒక ఇంజను ఎక్కింది. షెడ్డంతా దద్దరిల్లుతున్నది. ఉదయం నుంచి అతడు రెండుసార్లు నా దగ్గరికి వచ్చి, తానే ఫోను చేయవచ్చా అని అడిగాడు. ఉత్తరం దారిలో ఉండగా నోటిమాట చెప్పడం పద్ధతి కాదన్నాను. నాలుగున్నరకు అతని ఫోనే మోగింది. మోతలో వినబడక నా గాజు గదిలోకి వచ్చి, తలుపు వేసి, అనుమతి అడిగి, స్పీకరు పెట్టాడు.

"హాఁ భాయ్, ఆ రహే హో యా నహీ?" అన్నది అవతలి గొంతు, వస్తున్నావా లేదా అని. కోపం లేదు, తొందర ఉంది.

"సర్, చిట్ఠీ భేజా హూఁ."

"చిట్ఠీ? కైసీ చిట్ఠీ?"

ఉత్తరాలతో తనకు పనిలేదనీ, సోమవారానికి టికెట్ తీయాలనీ, ఇంకొకడు సిద్ధంగా ఉన్నాడనీ, అయినా పరీక్షలో ఇంజను శబ్దం విని జబ్బు చెప్పినవాడు ఇతడొక్కడే కనుక ముందు ఇతనికే చేశాననీ ఆ మనిషి హిందీలో చెప్పాడు. ఒక్క మాట చెప్పు చాలన్నాడు.

అబ్బాయి నా వైపు చూశాడు.

నా ముందు పరీక్ష రిజిస్టరు తెరిచి ఉంది. నూనె ఒత్తిడి గడులు నింపడం నా పని కాదు, దిమ్మె దగ్గర ఉన్నవాడి పని. ఆ గడులు నింపడం మొదలుపెట్టాను. ఒకటి నింపాను. రెండోది నింపాను. మూడోదానికి అంకె ఏమిటో కూడా నాకు తెలియదు, అయినా కలం కదిలించాను. తల ఎత్తలేదు. తల ఎత్తి ఒకసారి ఆడిస్తే చాలని నాకు తెలుసు. అతను నా తల కోసమే చూస్తున్నాడనీ తెలుసు.

"చిట్ఠీ దేఖ్ లీజియే సర్" అని ఆ ఉత్తరాన్నే చూసుకోమన్నాడతడు చివరకు.

"ఠీక్ హై" అని ఆ గొంతు ఆగిపోయింది.

"పెట్టీసినారండి" అన్నాడు.

"ఉత్తరం అందాక వాళ్ళే రాస్తారు" అన్నాను.

అతడు మళ్ళీ ఇంజను దగ్గరికి వెళ్ళాడు. సాయంత్రం గేటు దగ్గర దాదా నా పక్కన నడుస్తూ, నా వైపు చూడకుండా అన్నాడు: "తలుపు ముయ్యడానికి ఒక తాళం సాలు కదా సార్. పదకొండు ఎందుకేసినారు?"  మరో నాలుగు నెలలకు దాదా రిటైరై మేదినీపూర్ అవతల తన ఊరికి వెళ్ళిపోయాడు.

పదిరోజుల తరువాత రసీదు కార్డు తిరిగి వచ్చింది. దాని మీద అస్సాంలో ఎవరిదో సంతకం. జాగ్రత్తగా దాచుకోమని ఆ అబ్బాయితో అన్నాను. ఆ మాట అన్నానని రాయడానికి ఇప్పుడు చేయి ఆడడం లేదు. ఉత్తరానికి జవాబు ఎన్నటికీ రాలేదు.

అది మంచి ఉద్యోగమని నేను వాదించడం లేదు. అలాంటి రిగ్గుల మీద వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళను ఎరుగుదును. కాంట్రాక్టు ముగిసి రాత్రికి రాత్రి ఇళ్ళకు వచ్చినవాళ్ళనూ ఎరుగుదును. అతడు వెళ్ళి ఆరు నెలల్లో తిరిగి వచ్చి ఉండవచ్చు. అదీ అతనిదై ఉండేది. ఆ సంవత్సరాంతంలో జాబితా వచ్చింది. అతణ్ణి బోగీల విభాగానికి మార్చారు. బెర్తు కొక్కేలు, కిటికీ రెక్కలు, మరుగుదొడ్డి తలుపుల గొళ్ళేలు. ఆ పనిని తక్కువ చేయను. ప్రయాణం చేసే మనిషికి గొళ్ళెం సరిగా పడడం ఎంత అవసరమో తెలుసు. కాని గొళ్ళేనికి చెవి పెట్టి వినవలసింది ఏమీ ఉండదు. అతడు పనిలో ఎక్కడా వంక రానివ్వలేదు. ఎదురుపడితే నమస్కారం పెట్టేవాడు. మా షెడ్డు వైపు మాత్రం మళ్ళీ రాలేదు.

నేను రిటైరైన తరువాత, పింఛనుదార్లు ఏటా బతికే ఉన్నామని బ్యాంకులో సంతకం పెట్టే రోజుల్లో, వరుసలో అతని తల్లి నా పక్కన కూర్చున్నారు. కుటుంబ పింఛను కోసం వచ్చారు.

"మీరు సెప్పినా ఆడు వినలేదు కదా అన్నయ్యగారూ" అన్నారు. "నాకోసమే ఉండిపోనాడు. నాకు తెలుసు. ఎదవ, ఒక్క మాట కూడా అననీడు. మా ఈదిలో అందరికీ సెప్తాను, నా కొడుకు నూనె బాయి ఉజ్జోగం నాకోసం ఒగ్గీసినాడని." కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. ఆ ముఖంలో దిగులూ ఉంది, గర్వమూ ఉంది. ఏది ఎక్కువో చెప్పలేను.

నేనేదో అనబోయాను. గుమాస్తా నా పేరు పిలిచాడు. లేచి వెళ్ళి, బతికే ఉన్నానని సంతకం పెట్టాను.

ఆ సంతకం తరువాత నిద్ర సరిగా పట్టేది కాదు. చివరకు పోయిన సంవత్సరం ఒక ఆదివారం ఉదయం వాళ్ళింటికి వెళ్ళాను. తల్లినీ కొడుకునూ ఎదురుగా కూర్చోబెట్టి, గోల్‌బజార్‌లో ఆమె అడిగినదీ, నేను అతనికి చెప్పనిదీ, ఉత్తరం ఎందుకు రాయించానో, శుక్రవారం తల ఎందుకు ఎత్తలేదో, అన్నీ వరుసగా చెప్పాను. చెప్పేటప్పుడు కూడా వరుస తప్పనివ్వలేదు. తప్పు ఒప్పుకుంటే భారం దిగుతుందని చాలామంది రాశారు. దిగిన భారం ఎక్కడికి పోతుందో నేను ఆలోచించలేదు.

ఆమె నా వైపు చూడలేదు. కొడుకు వైపు తిరిగి అడిగారు.

"అయితే నువ్వు నాకోసం ఉండిపోలేదేటి?"

అతడు ఒక్క క్షణం కూడా తీసుకోలేదు. నవ్వేశాడు.

"ఏటమ్మా నువ్వు? నీకోసం కాపోతే మరెవరికోసం? సార్ సెప్పినారు అప్పుడు, మీ అమ్మ ఎల్లమందిరా అని. నేనే ఒద్దనుకున్నాను. సార్ పెద్దోరైపోనారు కదా, మర్సిపోనారు."

ఆమె నా వైపు తిరిగారు. "మర్సిపోనారా అన్నయ్యగారూ?"

"అవునమ్మా. మరచిపోయాను" అన్నాను.

ఆమె లేచి, నాకు టీ పెట్టడానికి లోపలికి వెళ్ళారు. వయసు మీద పడితే ఇంతేనని లోపల్నుంచి జాలిగా అంటున్నది వినబడింది.

వీధి గుమ్మం దాకా అతడు నాతో వచ్చాడు. "మళ్ళీ సెప్పకండి సార్. ఆవిడకి అదొక్కటే ఉంది" అన్నాడు.

"నీ సంగతి?"

"నాదేటుందండి. ఫోను నా సేతిలోనే ఉంది కదా." వంగి నా చెప్పులు ముందుకు జరిపాడు. "కాని సార్, అమ్మ నిజంగా ఎల్లమందని ఆ రోజు నాకు తెలిసుంటే..." అంటూ ఆగిపోయాడు. "ఎండెక్కింది, ఆటో పిలుస్తాను" అన్నాడు.

యువకులైన పాఠకులకు నేను సలహా చెప్పే అర్హత పోగొట్టుకున్నాను. అనుభవం మాత్రం చెప్పగలను. మీరు ఒక్క ప్రశ్న అడిగినప్పుడు ఒక పెద్దవాడు తిరిగి పదకొండు ప్రశ్నలు మీ చేతిలో పెడితే, ఆయనకు జవాబు ముందే తెలుసనీ, అది మీకు దక్కనివ్వడం ఆయనకు ఇష్టం లేదనీ అనుమానించండి. మీ ఇంట్లోవాళ్ళ మనసు తెలుసుకోవాలంటే వాళ్ళనే అడగండి, ఒకటికి రెండుసార్లు అడగండి. మధ్యలో నావంటి మనిషిని పెట్టుకోకండి.

ఇది అచ్చులో చూసి ఆ తల్లి బాధపడతారని భయం లేదు. ఆమె ఈ ఊళ్ళోనే పుట్టి బంగ్లా బడిలో మూడు తరగతులు చదివారు. తెలుగు మాట్లాడడమే గాని చదవడం రాదు. ఆమె కొడుకుకు వచ్చు.

నా జ్ఞాపకంలో దోషాలు ఉండవచ్చు. ఒరుపు కనబడింది నాలుగో సిలిండరు కిందనో, ఐదో దాని కిందనో. లీన్ సంగతి ఏడవ ప్రశ్నో, ఎనిమిదవదో. దాదా అన్న మాటల్లో ఒకటి రెండు నేను సరిగా పట్టుకోలేకపోయి ఉండవచ్చు. ఆ రోజుల్లో ఆ షెడ్డులో పనిచేసినవారు ఎవరు చదివినా మొహమాటం లేకుండా ఎత్తి చూపండి, సంతోషంగా సరిదిద్దుకుంటాను. ఒక్క దిద్దుబాటు మాత్రం ఎవరు పంపినా, ఆ యువకుడే స్వయంగా రాసి పంపినా, దయచేసి ఒప్పుకోకండి. నేను ఏదీ మరచిపోలేదు.